పేరు ఎవరిది? పల్నాటి కథాగానం నుంచి సామాజిక మాధ్యమం వరకు కళాకారుని గుర్తింపు - ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

కళాకారుడు సామాజిక మాధ్యమాలలో తన పేరును తానే ఒక ‘బ్రాండు’గా నిర్మించుకోవాలన్న అభిప్రాయం నేడు బలంగా వినిపిస్తున్నది. దీనిని పూర్తిగా కొత్త పరిణామంగా భావించేవారు కొందరైతే, కళకు పట్టిన చీడగా తోసిపుచ్చేవారు మరికొందరు. ఈ రెండు అభిప్రాయాలూ సమగ్రం కావని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. పల్నాటి సాహిత్య, కథాగాన చరిత్రను ఆధారంగా చేసుకొని ‘పేరు’ అన్న భావనను పేరు చాటడం, పేరు దక్కడం, పేరు మీద అధికారం అని మూడు అంశాలుగా విభజించి పరిశీలిస్తున్నది. సామాజిక మాధ్యమం మొదటి రెండింటినీ సులభతరం చేసినా, మూడవదానిని చాలా సందర్భాలలో కళాకారునికి అందనివ్వలేదని, ఇందులో జానపద విజ్ఞాన పరిశోధన వాడిన పరిభాషకు కూడా కొంత బాధ్యత ఉన్నదని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: పల్నాడు, వీరవిద్యావంతులు, శ్రీనాథుడు, జాషువ, నాజర్, సామాజిక మాధ్యమం, వ్యక్తిగత బ్రాండు, అజ్ఞాతకర్తృకత, ప్రదర్శకుల హక్కులు.

1. ఉపోద్ఘాతం:

‘వ్యక్తిగత బ్రాండు’ అన్న మాట వాణిజ్యరంగం నుంచి వచ్చింది. 1997 ఆగస్టులో అమెరికా పత్రిక ‘ఫాస్ట్ కంపెనీ’లో టామ్ పీటర్స్ రాసిన వ్యాసం దీనికి విస్తృత ప్రచారాన్ని కల్పించింది. సబ్బుకూ బూటుకూ ఒక పేరు ఉన్నట్లే ప్రతి ఉద్యోగీ తన పేరును ఒక సరుకు పేరులా నిలబెట్టుకోవాలన్నది అందులోని సారాంశం. 2005లో యూట్యూబ్, 2010లో ఇన్‌స్టాగ్రామ్ మొదలైన తరువాత ఈ సూత్రం కార్యాలయాల గడప దాటి కళాకారుల దినచర్యలోకి ప్రవేశించింది. పాడేవాడు పాటతోపాటు తన ముఖాన్ని, ఇంటిని, మాటతీరును, వేషాన్ని కూడా క్రమం తప్పక చూపించవలసిన స్థితి ఏర్పడింది.

తెలుగు నుడికారంలో పేరుకు సంబంధించిన మాటలు ఈ సూత్రానికి భిన్నమైన దృష్టిని సూచిస్తాయి. ‘పేరు వచ్చింది’, ‘పేరు తెచ్చుకున్నాడు’, ‘తండ్రి పేరు నిలబెట్టాడు’, ‘ఊరి పేరు చెడగొట్టాడు’ అంటాం. వీటిలో ఏ ఒక్కదానిలోనూ పేరు ఒంటరి మనిషి సొత్తు కాదు. అది పదిమంది ఇచ్చేది, పూర్వుల నుంచి సంక్రమించేది, పోగొట్టుకునే అవకాశం ఉన్నది. ఇంటిపేర్లలో ఊరిపేర్లు నిలవడం కూడా ఇటువంటిదే. బెల్లంకొండ అన్న ఊరు ఎంతోమందికి ఇంటిపేరైంది. నరసరావుపేట సమీపంలోని పమిడిపాడుకు చెందిన సంస్కృత పండితుడు బెల్లంకొండ రామరాయకవి (1875-1914) నలభై ఏళ్లయినా నిండని జీవితంలో నూటికి పైగా గ్రంథాలు రచించాడు. వేదాంతపండితుల మధ్య ఆయనకున్న గౌరవంతో పోలిస్తే సామాన్య పాఠకులలో ఆయన ప్రసిద్ధి స్వల్పం. కృషికీ పేరుకూ మధ్య దూరం ఉండవచ్చునని ఈ ఒక్క ఉదాహరణే చెబుతుంది.

ఈ దూరాన్ని వివరించడానికి ‘పేరు’ను మూడు అంశాలుగా విడదీసి చూడవలసి ఉంటుంది. కళాకారుడు తన గురించి తాను చెప్పుకోవడం మొదటిది. దీనిని ‘పేరు చాటడం’ అందాం. సమాజం అతనిని గుర్తించడం రెండవది. ఇది ‘పేరు దక్కడం’. ఆ పేరు వల్ల కలిగే గౌరవం, రాబడి, నిర్ణయాధికారం అతని చేతిలో ఉండటం మూడవది. ఇది ‘పేరు మీద అధికారం’. వ్యక్తిగత బ్రాండును గురించిన చర్చలలో సాధారణంగా మొదటి రెండే కనిపిస్తాయి. మూడవదాని ఉనికిని పరిశీలించడానికి పల్నాడు అనువైన క్షేత్రం. 1515 నాటి తూర్పు దండయాత్రలో శ్రీకృష్ణదేవరాయలు జయించిన దుర్గాలలో వినుకొండ, బెల్లంకొండ, కొండవీడు ఉన్నాయి. జేతల పేర్లను శాసనాలు నిలిపాయి. అదే సీమలో వీరుల పేర్లను శతాబ్దాలుగా నిలిపినవారు కథకులు. ఆ కథకుల పేర్లను నిలిపినవారెవరన్నది ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న.

2. ఇతరుల పేర్లను కలుపుకున్న పేరు - శ్రీనాథుడు:

స్వీయప్రచారం సామాజిక మాధ్యమంతోనే పుట్టిందనుకోవడం సాహిత్యచరిత్రకు విరుద్ధం. కొండవీటి రెడ్డిరాజు పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు తన పేరు విషయంలో ఎంతో శ్రద్ధ వహించిన కవి. భీమఖండం, కాశీఖండం అవతారికలను గమనిస్తే, కవి గొప్పతనాన్ని కృతిపతి నోట పలికించే పద్ధతి కనిపిస్తుంది. కాశీఖండంలో ఏ వయసులో ఏ కావ్యం రాశాడో వరుసగా తానే చెప్పుకున్నాడు. నేటి కళాకారుడు తన ఖాతా పైభాగంలో రాసుకునే పరిచయానికి ఇది చాలా దగ్గరి రూపం. తన మాటగా చెబితే గొప్పలవుతుందని పెద్దవాడి మాటగా చెప్పించడంలోని నేర్పు కూడా నేటి ప్రచారనిపుణులకు తెలిసినదే. డిండిమభట్టుతో వాదం, ప్రౌఢదేవరాయల కొలువులో కనకాభిషేకం, ‘కవిసార్వభౌమ’ బిరుదం ఆ పేరుకు అందిన గుర్తింపులు.

పేరు ఒక స్థాయిని దాటిన తరువాత దానికి స్వతంత్రమైన ఆకర్షణశక్తి ఏర్పడుతుంది. పల్నాటి రాళ్లను, జొన్నకూటిని, నీటి ఎద్దడిని గురించిన చాటువులు ఎవరి నోట పుట్టినా శ్రీనాథుని పేరు మీదనే ప్రచారంలో నిలిచాయి. చాటుసంప్రదాయంలో కవి పేరు చారిత్రకవ్యక్తిని కాక ఒక సాహిత్యవ్యక్తిత్వాన్ని సూచిస్తుందని వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్‌మన్‌లు 1998లో వెలువరించిన చాటుపద్య అధ్యయనంలో చూపారు. ద్విపదలో ఉన్న పల్నాటి వీరచరిత్ర కర్తృత్వం మీద పండితులలో భిన్నాభిప్రాయాలున్నా, అక్కిరాజు ఉమాకాంతం 1911లో దానిని ప్రకటించిన నాటి నుంచి పాఠకలోకంలో అది శ్రీనాథుని రచనగానే స్థిరపడింది.

వినుకొండ వల్లభరాయని ‘క్రీడాభిరామం’ విషయంలో జరిగినది మరింత ఆలోచించవలసినది. గ్రంథంలో వల్లభరాయని పేరు ఉన్నా, అది శ్రీనాథుని రచనే అని వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి మహాపండితుడు వాదించాడు. అందుకు ఆయన చూపిన శైలీసామ్యాలు బలమైనవే కావచ్చు. అయినా ఇక్కడ పేరు పనిచేసిన తీరును గమనించాలి. మంచి పద్యం కనిపిస్తే అది పెద్ద పేరుకే చెందాలన్న మొగ్గు పండితులలో కూడా ఉంటుంది. ఈ రచనకు మూలమైన ‘ప్రేమాభిరామం’ సంస్కృత వీథి, దాని కర్త రావిపాటి త్రిపురాంతకుడు. ఆ మూలం నేడు అలభ్యం. మూలకర్త పేరు మరుగునపడగా, అనుసర్త పేరు సందేహాస్పదమైంది. ఏ ప్రత్యక్ష ప్రయత్నమూ లేకుండానే శ్రీనాథుని పేరు విస్తరించింది.

అంత పెద్ద పేరు శ్రీనాథునికి చివరి దశలో ఏం చేసింది? బొడ్డుపల్లిలో గుత్తకు తీసుకున్న పొలం పంట నష్టపోయి, పన్ను చెల్లించలేక ఆయన శిక్షననుభవించాడని ఆయన పేరు మీదనే ఉన్న చాటువు చెబుతున్నది. ఇది చారిత్రకసత్యమా కాదా అన్నది వేరే చర్చ. సార్వభౌముడనిపించుకున్న కవికి పేరు అన్నం పెట్టలేదన్న సత్యాన్ని తెలుగు సమాజం ఈ కథ ద్వారా తనకు తాను చెప్పుకున్నది. పేరు దక్కడమూ, పేరు మీద అధికారమూ ఒకటి కావన్న గ్రహింపు ఇందులో ఉన్నది.

3. పేరు అవసరం లేని పరిచయం - వీరగాథా గాయకులు:

క్రీడాభిరామంలోనే మన చర్చకు కీలకమైన మరొక దృశ్యం ఉన్నది. మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగంటి వీథులలో తిరుగుతూ పల్నాటి వీరుల కథాగానాన్ని చూస్తారు. గాయని ఒక స్త్రీ. ఆమె వాయించే తాళగతిని, పాడే ద్విపదను, ఆ గానానికి శ్రోతలు ఆవేశంతో ఊగిపోవడాన్ని కవి వర్ణించాడు. ఒకే పద్యంలో వాద్యం, లయ, ఛందస్సు, శ్రోతల స్పందన ఇమిడాయి. ఒక ప్రదర్శనను గురించి ఇంతటి సమాచారాన్నిచ్చిన ప్రాచీన పద్యాలు అరుదు. అందులో లేనిది ఆమె పేరు మాత్రమే. ఆమె ‘ఒక స్త్రీ’గానే మిగిలిపోయింది.

దీనిని కవి నిర్లక్ష్యంగా మాత్రమే భావించడం తొందరపాటవుతుంది. వీరగాథా గానం కొలువుకు సంబంధించిన కళ. పల్నాటి వీరుల కథను పారంపర్యంగా పాడే వీరవిద్యావంతులకు అది వినోదం కాదు, వీరారాధనలో భాగం. కారంపూడిలో ఏటా కార్తిక అమావాస్య నుంచి ఐదు రోజుల పాటు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అన్న క్రమంలో ఉత్సవం సాగుతుంది. కొణతాలు పట్టి వచ్చే భక్తులకు ఆ రోజు కథ చెప్పే వ్యక్తి ఎవరో, ఎవరి కొడుకో, ఎవరి శిష్యుడో తెలుసు. అతడు తన పేరు ప్రకటించుకోనక్కరలేదు. అక్కడ పేరు లేకపోవడం అనామకత్వం కాదు. పేరు అవసరం లేనంతటి పరిచయం అది.

పాట ఆ ఆవరణ దాటినప్పుడే పేరు అవసరమవుతుంది. ఓరుగంటి వీథిలో పాడిన గాయని ఆనాటి శ్రోతలకు తెలిసిన మనిషే అయి ఉంటుంది. ఆమె గానం కావ్యంలోకి ఎక్కిన క్షణంలో, ఆమెను ఎరగని పాఠకుల ముందుకు వచ్చిన క్షణంలో, ఆమె అనామకురాలైంది. ఈ భేదాన్ని గుర్తించకపోతే నేటి పరిస్థితి అర్థం కాదు. కారంపూడిలో తీసిన ఒక వీడియో హైదరాబాదులోనో అమెరికాలోనో చూసేవారికి చేరినప్పుడు అందులో పాడేవారి పేరు లేకపోవడం ‘సంప్రదాయం కొనసాగింపు’ కాదు. ఆవరణలో ఉన్న పరిచయం దారిలో జారిపోవడం.

1982లో వెలువడిన జీన్ రోఘైర్ పరిశోధన గ్రంథం ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. పల్నాటి వీరుల కథను మౌఖిక సంప్రదాయం నుంచి నమోదు చేసి ఆంగ్లంలోకి అనువదించిన ఆ గ్రంథం, కథను పాడిన అలిసెట్టి గాలెయ్య పేరును పరిశోధనలోకానికి అందించింది. వీరుల పేర్లు శతాబ్దాలుగా మోసిన గొంతులలో ఒకదానికి పేరు నిలిచింది. అయినా గ్రంథాలయ సూచికలో ఆ గ్రంథం రోఘైర్ పేరు కిందనే ఉంటుంది. పరిశోధన వ్యవస్థకు అది సహజం. గాయకుని పేరు దక్కడం ఒక మేలు. ఆ పేరు మీద అధికారం మాత్రం అతని వద్దకు రాలేదు.

4. పేరును గెలుచుకున్నవారు - జాషువ, నాజర్:

పేరు మీద అధికారం కోసం పోరాడిన కళాకారులు ఈ సీమలో లేకపోలేదు. వినుకొండలో 1895లో జన్మించిన గుర్రం జాషువ జీవితం అందుకు మొదటి ఉదాహరణ. యౌవనంలో వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, తక్కువ కులంవాడిని సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు అవమానించారు. ప్రతిభను వినిపించడానికి ముందు సభ గడప దాటవలసి రావడం ఆయనకు ఎదురైన వాస్తవం. అటువంటి కవికి ‘కవికోకిల’, ‘నవయుగ కవిచక్రవర్తి’, ‘మధురశ్రీనాథ’ వంటి బిరుదులు వచ్చాయి. అవధాన విద్యకు ప్రతీకగా నిలిచిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఆయనకు గండపెండేరం తొడిగాడు. 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ లభించాయి.

జాషువ బిరుదులను కేవలం కీర్తికాంక్షగా చదివే విమర్శకులు ఒక సంగతిని మరచిపోతున్నారు. పుట్టుకతోనే గౌరవం ఉన్నవానికి బిరుదు ఆభరణం. పుట్టుక కారణంగా అగౌరవం పొందినవానికి అది ప్రవేశపత్రం. ‘మధురశ్రీనాథ’ అన్న బిరుదులో మరొక విశేషం ఉన్నది. పల్నాటిలో ఇతరుల రచనలను సైతం తనలో కలుపుకున్న పేరు శ్రీనాథునిది. అదే పల్నాటిలో సభ నుంచి వెళ్లగొట్టబడిన కవి ఆ పేరును విశేషణంతో ధరించాడు. మాధ్యమాల విషయంలోనూ జాషువ వెనుకబడి లేడు. మూగచిత్రాల కాలంలో రాజమహేంద్రవరంలో సినిమాలకు వాచకుడిగా పనిచేశాడు. తరువాత మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమ నిర్మాతగా ఉన్నాడు. సభలలో ఆయన పద్యపఠనం ప్రసిద్ధం. కొత్త మాధ్యమం కవికి అవమానకరమన్న భావన ఆయనలో కనిపించదు.

రెండవ ఉదాహరణ షేక్ నాజర్ (1920-1997). గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి, బుర్రకథను కొత్త ఎత్తుకు తీసుకువెళ్లి, 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. పల్నాటి యుద్ధం ఆయన ప్రదర్శించిన ప్రసిద్ధ కథలలో ఒకటి. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. దూదేకుల కులాన్ని చులకనగా పిలవడానికి వాడిన మాటను ఆయన తన జీవితానికి శీర్షికగా నిలిపాడు. ఇతరులు ఇచ్చిన చులకన పేరును తన చేతిలోకి తీసుకొని దాని అర్థాన్ని మార్చాడు. తన కథను తన నోట చెప్పి, పేరు మీద అధికారాన్ని తానే తీసుకున్న ప్రదర్శనకళాకారులలో నాజర్ ముఖ్యుడు.

ఈ ఇద్దరి అనుభవం నుంచి ఒక ప్రమాణం లభిస్తుంది. పేరును చాటుకోవడం తప్పా ఒప్పా అన్న ప్రశ్న ఒంటరిగా నిలవదు. ఎవరు, ఎవరి ఎదుట, ఏ గడప దాటడానికి చాటుకుంటున్నారన్నది చూడాలి. గడపే లేనివాని స్వీయప్రచారాన్నీ, గడప బయట నిలబెట్టబడినవాని స్వీయప్రకటననూ ఒకే తూనికతో తూచడం విమర్శ ధర్మం కాదు.

5. తెర మీద ముఖం, ఖాతాలో పేరు:

సామాజిక మాధ్యమం ఇచ్చిన పెద్ద వాగ్దానం ఈ గడపను తొలగిస్తానన్నది. అందులో కొంత నిజం ఉన్నది. 2018లో తూర్పుగోదావరి జిల్లా వడిసలేరుకు చెందిన పసల బేబీ అన్న శ్రామికమహిళ 1994 నాటి ‘ప్రేమికుడు’ చిత్రంలోని పాటను పాడిన వీడియో వ్యాపించి, ఆమెను సినీసంగీత రంగానికి చేర్చింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లికి చెందిన గంగవ్వ 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’ ద్వారా ప్రసిద్ధురాలై 2020లో బిగ్‌బాస్ కార్యక్రమం దాకా వెళ్లింది. అకాడమీ, ఆకాశవాణి, సినిమా, సభ - వీటిలో ఏ ఒక్కటీ తెరవని తలుపు వీరికి తెరుచుకున్నది. జాషువ కాలంలో ఇటువంటి మార్గం లేదు. ఈ మేలును తక్కువ చేసి చూపడం న్యాయం కాదు.

అయితే తలుపు తెరుచుకోవడం వేరు, ఇల్లు సొంతం కావడం వేరు. యూట్యూబ్ వ్యవస్థలో గుర్తింపు పొందే యూనిట్ కళాకారుడు కాదు, ఖాతా. 2018 నుంచి ప్రకటనల రాబడికి అర్హత పొందాలంటే ఒక ఛానెల్‌కు 1000 మంది చందాదారులు, 12 నెలల కాలంలో 4000 గంటల వీక్షణ ఉండాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. ఆ చందాదారులు ఖాతాకు చెందుతారు, రాబడి ఖాతాదారునికి చేరుతుంది. ఫోను, కెమెరా, ఎడిటింగ్ నేర్పు ఉన్న వ్యక్తి ఛానెల్ నిర్వహిస్తే, గొంతు ఉన్న వ్యక్తి అందులో కనిపిస్తాడు. ఇద్దరూ ఒకే కుటుంబంవారైనప్పుడు, పరస్పరం నమ్మకం ఉన్నప్పుడు ఇబ్బంది రాకపోవచ్చు. తెనాలి సమీపంలోని గుడివాడకు చెందిన మస్తానమ్మ వంట ‘కంట్రీ ఫుడ్స్’ ఛానెల్ ద్వారా ప్రపంచానికి చేరింది. నూరేళ్లు దాటిన అవ్వగా ప్రసిద్ధురాలైన ఆమె 2018 డిసెంబరులో మరణించేనాటికి చందాదారులు పది లక్షలు దాటారు. దానిని నడిపినవారు ఆమె మునిమనవడు, అతని మిత్రుడు. ఇది ఆప్యాయతతో సాగిన ప్రయత్నమే. అటువంటి చోట కూడా ప్రేక్షకుడు వెతికేది ఆమె ముఖాన్ని, చందా చేరేది మరొక పేరుతో ఉన్న ఛానెల్‌కు అన్న నిర్మాణం మారదు. ఆప్యాయత లేని చోట ఇదే నిర్మాణం ఎలా పనిచేస్తుందో ఊహించడం కష్టం కాదు.

పేరు దక్కడానికీ జీవనానికీ మధ్య దూరాన్ని దర్శనం మొగులయ్య ఉదంతం స్పష్టంగా చూపుతుంది. పన్నెండుమెట్ల కిన్నెర వాయించే అరుదైన కళాకారుడాయన. 2021 సెప్టెంబరులో విడుదలైన ‘భీమ్లానాయక్’ చిత్ర శీర్షికగీతం ఆరంభంలో ఆయన గొంతు కోట్లమందికి చేరింది. 2022లో పద్మశ్రీ ప్రకటించారు. 2024 మే నెలలో ఆయన హైదరాబాదు శివారు తుర్కయాంజాల్‌లో నిర్మాణపు కూలీగా పనిచేస్తున్నారన్న వార్త, ఆ దృశ్యాలు అవే సామాజిక మాధ్యమాలలో వ్యాపించాయి. కిన్నెర పాటను వ్యాపింపజేసిన వ్యవస్థే ఆయన కష్టాన్ని కూడా వ్యాపింపజేసింది. ఆ రెండింటి మధ్య కాలంలో ఆ పేరు వల్ల ఎక్కడో ఎంతో విలువ పుట్టింది. అది ఆయన ఇంటిదాకా నిలకడగా చేరలేదు. బొడ్డుపల్లి చాటువు చెప్పిన సంగతికి ఇది ఆధునిక రూపం. మరికొంత కష్టపడి బ్రాండును నిర్మించుకొని ఉండవలసిందని ఇటువంటి కళాకారునికి చెప్పడం అన్యాయం. ప్రపంచానికంతటికీ తెలిసిన పేరు ఆయనకు ఉన్నది. లేనిది మూడవ అంశం.

6. ‘అజ్ఞాతకర్తృకం’ అన్న మాట చేసే పని:

కళాకారుని పేరు తప్పిపోవడానికి ఛానెళ్లను మాత్రమే తప్పుపట్టడం సులభం. విశ్వవిద్యాలయ తెలుగుశాఖలలో తయారైన పరిభాష కూడా ఇందుకు తోడ్పడిందన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ఆక్షేపణ. జానపద సాహిత్య లక్షణాలను చెప్పేటప్పుడు మనం మొదట వాడే మాటలలో ‘అజ్ఞాతకర్తృకం’ ఒకటి. ఒక గేయాన్ని మొదట ఎవరు కట్టారో తెలియదన్న అర్థంలో ఈ లక్షణం సరైనదే. ఎవరు కట్టారో తెలియకపోవడం వేరు, ఇప్పుడు నా ముందు ఎవరు పాడారో చెప్పకపోవడం వేరు. మొదటిది వస్తుస్థితి. రెండవది నిర్ణయం. మొదటిదాని గౌరవాన్ని అడ్డుపెట్టుకొని రెండవది సాగిపోతున్నది. సిద్ధాంతవ్యాసాలలో పాట ‘సేకర్త’ పేరు మీద నిలుస్తుంది, పాడినవారు ‘వక్తల పట్టిక’ అన్న అనుబంధంలో వయసు, కులం, గ్రామం వివరాలతో మిగులుతారు. వీడియో కింద ‘సంప్రదాయ గేయం’ అని రాసి ఊరుకునే నిర్వాహకునికి మన పాఠ్యగ్రంథాలే సమర్థన ఇస్తున్నాయి.

2021 ఫిబ్రవరిలో విడుదలైన ‘సారంగదరియా’ పాట సందర్భంలో ఈ సమస్య బహిరంగమైంది. శేఖర్ కమ్ముల దర్శకత్వంలోని ‘లవ్‌స్టోరీ’ కోసం జానపదగేయం ఆధారంగా సుద్దాల అశోక్‌తేజ రాసిన ఈ పాటను మంగ్లీ పాడింది. అంతకుముందు ‘రేలా రే రేలా’ అన్న టెలివిజన్ కార్యక్రమంలో ఆ గేయాన్ని వినిపించిన కోమలి, సేకర్తగా తనకు గుర్తింపు దక్కాలని కోరింది. వాదోపవాదాల తరువాత దర్శకుడు సామాజిక మాధ్యమంలోనే వివరణ ఇచ్చి, ఆమెకు గుర్తింపునిచ్చే దిశగా ఒప్పందానికి వచ్చాడు. ఈ ఉదంతంలో సామాజిక మాధ్యమం గాయనికి న్యాయం అడిగే వేదికగా కూడా ఉపయోగపడిందన్నది విస్మరించరానిది. అదే సమయంలో చర్చ ప్రధానంగా సేకరణ చుట్టూనే నడిచింది. పాటను తరాలుగా నిలిపిన గొంతులకు ఏ గుర్తింపు ఇవ్వాలన్న ప్రశ్న అప్పుడు పరిష్కారం కాలేదు, ఇప్పటికీ కాలేదు.

చట్టం ఈ విషయంలో మన పరిభాష కంటే ముందున్నది. 1957 నాటి భారత కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శకుల హక్కులను విస్తృతంగా గుర్తించింది. ‘ప్రదర్శకుడు’ అన్న నిర్వచనంలో నటుడు, గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడితోపాటు దొమ్మరాట ఆడేవారు, గారడీవారు, పాములాడించేవారు కూడా ఉన్నారు. 2012 సవరణతో చేరిన 38బి విభాగం, తన ప్రదర్శనకు తానే ప్రదర్శకుడనని గుర్తింపబడే నైతికహక్కును కళాకారునికి ఇచ్చింది. రచయిత ఎవరో తెలియని పాటకు సైతం ప్రదర్శకుడు ఉంటాడు, అతనికి పేరు ఉంటుంది, ఆ పేరు చెప్పించుకునే హక్కు ఉంటుంది. కనుక ‘అజ్ఞాతకర్తృకం’ అన్న లక్షణం ‘అజ్ఞాతగాయకం’ అన్న అర్థాన్ని ఇవ్వజాలదు.

7. బ్రాండు కోరే ఒకేరకం:

పేరు సమస్య ఆర్థికమైనది మాత్రమే కాదు, రూపానికి కూడా సంబంధించినది. మన సంప్రదాయంలో ముద్ర, మకుటం అన్నవి పేరును నిలిపే సాధనాలు. క్షేత్రయ్య పదంలో మువ్వగోపాలుడు ఉంటాడు. వేమన మకుటాన్ని స్వీకరించి ఎందరో పద్యాలు కట్టారు. ముద్ర రచన చివర వచ్చి, ఆ రచన ఎవరి సన్నిధికి చెందుతుందో చెబుతుంది. బ్రాండు రచనకు ముందే వచ్చి, ఆ రచన ఎలా ఉండాలో నిర్దేశిస్తుంది. ఒక వీడియో ప్రసిద్ధి పొందితే కళాకారుడు దానినే మళ్లీ మళ్లీ చేయవలసి వస్తుంది. విఫలమయ్యే స్వేచ్ఛ, మారే స్వేచ్ఛ క్రమంగా తగ్గుతాయి.

వీరగాథకు ఇది మరింత నష్టం. పల్నాటి కథ రాత్రుల తరబడి సాగేది. బాలచంద్రుని యుద్ధఘట్టం శ్రోతను కదిలించడానికి కారణం దాని వెనుక ఉన్న కోడిపోరు, అరణ్యవాసం, అలరాజు రాయబారం, మాంచాల నిరీక్షణ. ఒకటి రెండు నిమిషాల రీల్‌లో కత్తి ఊపు, గొంతు తీవ్రత మాత్రమే మిగులుతాయి. రౌద్రం ఉంటుంది, దానికి కారణమైన దుఃఖం ఉండదు. చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడు, సేనాని అయిన కన్నమదాసు వంటి పాత్రలలోని సామాజికార్థం జారిపోయి, కథ ఒక వర్గపు వీరత్వప్రదర్శనగా కుదించుకుపోయే ప్రమాదం ఉన్నది. నిడివిని పూర్తిగా నిలిపే దృశ్యభాండాగారాలు కూడా ఇదే సాంకేతికతతో సాధ్యమే. అవి ఏర్పడాలంటే వీక్షణల సంఖ్యను కాక కథ సమగ్రతను ప్రమాణంగా తీసుకునే సంస్థలు పూనుకోవాలి. ఆ పని కళాకారుని ఒక్కని ‘బ్రాండు’ మీద వదిలేయదగినది కాదు.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. కళాకారుడు తన పేరును చాటుకోవడం సామాజిక మాధ్యమంతో పుట్టిన దోషం కాదు. శ్రీనాథుని అవతారికల నుంచి జాషువ బిరుదుల దాకా దానికి చరిత్ర ఉన్నది. దాని విలువను చాటుకునేవారి సామాజికస్థితిని బట్టి నిర్ణయించాలి.

2. ముఖపరిచయం ఉన్న ఆవరణలో గాయకుని పేరు ప్రకటించనక్కరలేదు. ప్రదర్శన ఆ ఆవరణను దాటినప్పుడు పేరు చెప్పడం తప్పనిసరి. ఆవరణ దాటిన తరువాత కూడా ‘సంప్రదాయం’ పేరిట అనామకతను సమర్థించడం సరికాదు.

3. సామాజిక మాధ్యమం పేరు చాటడాన్ని సులభం, పేరు దక్కడాన్ని వేగవంతం చేసింది. పేరు మీద అధికారం మాత్రం ఖాతాదారునికి చెందుతున్నది. ఖాతాదారుడూ కళాకారుడూ వేరైనప్పుడు ‘వ్యక్తిగత బ్రాండు’ అన్న మాటలో ‘వ్యక్తి’ ఎవరన్నది ప్రశ్నార్థకం అవుతుంది.

4. జానపద పరిశోధనలో ‘కర్త తెలియదు’ అన్న లక్షణాన్ని, ‘పాడినవారు వీరు’ అన్న సమాచారాన్ని వేరుచేసి చూపాలి. సేకర్త పేరుకు ముందు ప్రదర్శకుని పేరు ఉండాలి. అది అనుబంధంలో కాక పాఠం పక్కనే ఉండాలి. ప్రదర్శనను నమోదు చేసేటప్పుడు పేరు, రాబడి, తిరిగి వాడుకునే హక్కు అన్న మూడింటి మీద కళాకారునికి అర్థమయ్యే తెలుగులో ఒప్పందం జరగాలి.

5. డిజిటల్ ప్రదర్శనల మీద వ్యాసం రాసే పరిశోధకుడు ఛానెల్ లింకును మాత్రమే ఆధారంగా చూపడం చాలదు. అందులో పాడినవారి పేరు, ఊరు కనుక్కొని, వారి అనుమతితో నమోదు చేయడం పరిశోధన బాధ్యతగా గుర్తించాలి.

ఓరుగంటి వీథిలో పల్నాటి కథ పాడిన స్త్రీ పేరును నేడు ఏ పరిశోధనా తిరిగి తేలేదు. ఈ కార్తికంలో కారంపూడిలో పాడబోయే గొంతు విషయంలో ఆ లోటు రాకుండా చూడటం మన చేతిలో ఉన్న పని.